బోర్లించి అల్లిన పువ్వు

అల్ ఖూజ్, దుబాయ్
12 జనవరి 2023

ప్రియమైన మీకు,

యేసయ్య నామంలో వందనాలు. నేను బాగానే ఉన్నాను. మీరూ బాగానే ఉండి ఉంటారు. ఒంట్లో బాగాలేనప్పుడే కదా మీకు పెళ్ళాం గుర్తొచ్చేది.

ఫోన్ మానేసి ఉత్తరాలు రాసుకుందామన్న మాట మీదే కాబట్టి ముందు నేనే మొదలుపెడుతున్నాను. కొత్త సంవత్సరం ఆరాధన అయిన గంటకే ఫోన్లో మీరు నన్ను, నేను మిమ్మల్ని అనుకున్న మాటలు తలుచుకుంటే సిగ్గేస్తోంది. పాస్టరుగారు చెప్పింది నిజమే. కాగితం మీద ఎవరూ అరవలేరు. ఖోర్ ఫక్కాన్ నుంచి చేపల బండి తెచ్చే రమీజ్ భాయ్ వారానికి రెండుసార్లు మా వర్క్‌షాప్ వెనక సందులోనే బండి కడుక్కుంటాడు. ఉత్తరాలు ఆయన చేతికే ఇస్తాను. చేపల వాసన వస్తే ఓర్చుకోండి.

ఇక్కడ కొత్త పని వచ్చింది. ఇంగ్లీషు టీవీ సీరియల్‌కి బట్టలు కుడుతున్నాం. కథ విక్టోరియా రాణి కాలం నాటిది. ఎలినార్ అని ఒక దొరసాని. ఆవిడ విందుకి వస్తే జనం కుర్చీలెక్కి చూసేవాళ్ళట, ఆవిడ ఫొటోలు కొట్లలో అమ్మేవాళ్ళట. తర్వాత ఆవిడకెవరో ఒక లేసు కాలరు బహుమతిగా ఇచ్చారని పుకారు పుట్టింది. మొగుడు కోర్టుకి ఎక్కాడు. కుర్చీలెక్కిన జనమే మొహం తిప్పుకున్నారు. ‘ఈ లేసు నీకెవరిచ్చారు’ అని కోర్టులో అందరూ నిలదీసినా ఆవిడ పేరు చెప్పదు. మొగుడు కోపం పట్టలేక ఆ కాలరు లాగి చింపేస్తాడు.

నా పని అక్కడే. కాలరు నిజంగానే నూట నలభై ఏళ్ళ నాటిది. ఇంగ్లండులో ఒక ముసలావిడ దాచుకున్నది, అరువిచ్చింది. విందు సీనులో అసలుది వేస్తారు. కోర్టులో చింపడానికి అచ్చం అలాంటిదే ఇంకొకటి కావాలి. మా సూపర్‌వైజరు స్వర్ణగారికి నేను నరసాపురం పక్కదాన్నని తెలుసు. ‘తబితా, మీ ఊళ్ళో అందరికీ లేసు అల్లిక వచ్చుగా’ అని నా మీద పెట్టేసింది. ఫిబ్రవరి పదికి పూర్తి చేస్తే రెండేళ్ళ వీసా ఇప్పిస్తానంది. లేకపోతే మార్చిలో నా కాగితాలు అయిపోతాయి.

అంచులు వచ్చాయి, వల వచ్చింది. మధ్యలో పువ్వే రావడం లేదండీ. ఆరు రేకులు, వాటి వెనక ఇంకో ఆరు, వాటి వెనక ఇంకో ఆరు. మేం ఎగుమతి షావుకార్లకి అల్లేటప్పుడు ఇలాంటివి ఎప్పుడూ అడగలేదు. పదకొండుసార్లు అల్లాను, పదకొండుసార్లు విప్పాను. లోపలికి వెళ్ళేముందు ఫోన్లు పెట్టెలో వేసి తాళం వేస్తారు, ఫొటో తీయడానికి లేదు. చూసింది చూసినట్టు గుర్తుపెట్టుకుని ఈ కాగితం వెనక బొమ్మ గీశాను. మీ గదిలో ఉండే ప్రమోద్ ఊరెళ్తున్నాడన్నారుగా, ఆయనతో అత్తయ్యకి పంపండి. ఫోన్లో చెప్తే ఆవిడకి ఎక్కదు, చేతిలో పట్టుకోవాలి. ఆవిడ ఒక పువ్వు అల్లి పంపితే నేను చూసి నేర్చుకుంటాను.

మీ చేతులు జాగ్రత్త. కంటెయినర్ల దగ్గర చేతి తొడుగులు వేసుకోకుండా పని చేస్తున్నారని నాకు తెలుసు.

మీ
తబిత

~

ఖోర్ ఫక్కాన్
16 జనవరి 2023

ప్రియమైన తబితకు,

నీ ఉత్తరం అందింది. వంజరం చేప కింద పెట్టాడు రమీజ్. రెండో పేజీ తడిసిపోయింది గాని బొమ్మ బాగానే ఉంది.

నీకు ఎలా తెలిసిపోతాయో గాని, తొడుగులు లేకుండానే పని చేశాను. కంటెయినరు బిగించే ఇనపకడ్డీ జారి ఉంగరపు వేలి మీద పడింది. గోరు పోయింది. ఆస్పత్రిలో మన పాలకొల్లు వైపు అమ్మాయే, రేచెల్ సిస్టర్ అని, కట్టు కట్టింది. కంగారు పడకు.

నీ దొరసాని సంగతి నాకు నచ్చలేదు. పేరు చెప్తే సరిపోయేదానికి అంత రాద్ధాంతం ఎందుకు? గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకున్నట్టుంది. మొగుడన్నవాడు అడిగినప్పుడు చెప్పొద్దా? ఇలాంటి ఆవిడకి నువ్వు లేసులల్లడం ఏమిటో. కానీలే, వీసా ముఖ్యం.

ప్రమోద్ పద్దెనిమిదిన వెళ్తున్నాడు. అంతకుముందు ఒకటి చెప్పు. ఆ పువ్వు వెనక వైపు చూశావా? వెనక కాడలాగా దారం గట్టు కనిపిస్తోందా, లేక చదునుగా ఉందా? అమ్మ అడుగుతుంది.

నీ
సిలాస్

~

అల్ ఖూజ్
17 జనవరి 2023

ప్రియమైన మీకు,

వెనక చదును. ముడి లేదు, గట్టు లేదు, దారం ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియదు. ఎదర ఎంత అందమో వెనక అంత శుభ్రం. అడిగినందుకు మెచ్చుకుంటున్నాను. లేసు వెనక వైపు చూడాలని తెలిసిన మగవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా. అత్తయ్య పక్కన కూర్చుని పెరిగారు కదా, ఆమాత్రం అబ్బి ఉంటుంది.

దొరసాని గురించి ఒక మాట. పేరు చెప్తే ఆ పేరున్న మనిషి బజారున పడతాడు కదా. అందుకే చెప్పలేదేమో. నేను ఆవిణ్ణి వెనకేసుకొస్తున్నానని కాదు. రోజూ ఆవిడ గౌనుతోనే బతుకుతున్నాను కాబట్టి అనిపించింది.

వేలికి తడి తగలనివ్వకండి. ఆ రేచెల్ సిస్టర్‌కి నా వందనాలు చెప్పండి.

మీ
తబిత

~

ఖోర్ ఫక్కాన్
1 ఫిబ్రవరి 2023

ప్రియమైన తబితకు,

అగ్గిపెట్టెలో పువ్వు పెట్టాను. ప్రమోద్ నిన్న తెచ్చాడు. అమ్మ అల్లింది.

ఎలా అల్లాలో ఆవిడ చెప్పింది రాస్తున్నాను, జాగ్రత్తగా చదువు. మొదటి ఆరు రేకులు మామూలుగా అల్లు. అవి అయ్యాక పువ్వుని బోర్లించు. ఎదర చూడకు, ఎదర చూస్తే చెయ్యి తప్పుతుంది. వెన్ను మాత్రమే చూస్తూ, రేకు మొదట్లో ఉన్న పోగు కిందనుంచి సూది దూర్చి గొలుసు లాగు. రెండో వరస అంతా బోర్లించే అల్లాలి. మూడో వరసకి మళ్ళీ తిప్పకు, అలాగే ఉండనివ్వు. దారం చిటికెన వేలికి రెండు చుట్లు చుట్టు, ఒక చుట్టు అయితే వదులవుతుంది. అరవై నంబరు దారం అయితేనే వస్తుంది. కుట్టు బిగిసిందని అనిపించిన చోట ఊపిరి వదిలి లాగు.

అమ్మకి కళ్ళు నొప్పిగా ఉన్నాయట. ఫోన్ చేసి ఈ పువ్వు గురించి విసిగించకు.

వేలు మానుతోంది.

నీ
సిలాస్

~

అల్ ఖూజ్
14 ఫిబ్రవరి 2023

ప్రియమైన మీకు,

ఈ ఉత్తరం మంచి వార్తతో మొదలై చెడ్డ వార్తతో ముగుస్తుంది. తొందరపడి చివరికి వెళ్ళకండి.

పువ్వు వచ్చింది. బోర్లించగానే వచ్చింది. మూడో ప్రయత్నానికే స్వర్ణగారు రెండు కాలర్లు పక్కపక్కన పెట్టి ఏది ఏదో చెప్పలేకపోయింది. తొమ్మిదో తారీఖుకి అప్పజెప్పాను. పదిన విందు సీను తీశారు. అసలు కాలరు మెడలో వేసుకుని ఆ నటి మెట్లు దిగుతుంటే, మేం బట్టల వాళ్ళం తెర వెనక నిలబడి చూశాం. ఎంత బాగుందో.

మర్నాడు అసలు కాలరు పెట్టెలో పెట్టే ముందు తనిఖీ చేస్తే మధ్య పువ్వు వెనక ఒక పోగు తెగి ఉంది. మూడో వరసలో ఒక రేకు వదులైంది. మా ముదీర్, అదే మేనేజరు, షాహబాజ్ నన్ను ఆఫీసులోకి పిలిచాడు. ‘మూడు వారాలకి పైగా నీకు ఈ పువ్వు రాలేదు. తర్వాత ఒక్కరోజులో వెనక వైపుతో సహా అచ్చుదించావు. లేసు అల్లేవాళ్ళు కొత్త పువ్వు నేర్చుకోవాలంటే పోగు లాగి విప్పి చూస్తారట కదా. నువ్వు అసలుది విప్పావు’ అన్నాడు.

అబద్ధం కాదండీ, మన దగ్గర అలాగే నేర్చుకుంటాం. ఎవరి పువ్వు నచ్చినా ఒకటి తెచ్చి విప్పుకుంటాం. కాని ఆ పాతదాని మీద వేలు వేయడానికి కూడా నాకు భయం. మా అత్తగారు అల్లి పంపింది, అది చూసి నేర్చుకున్నా అని మీ అగ్గిపెట్టె చూపించాను. ‘అయితే సరే. కాలరు సొంతదారు ఇరవై ఆరున వస్తోంది. మీ అత్తగారిని వీడియోలో కూర్చోబెట్టు. అసలుది చూడకుండా ఆ పువ్వు అల్లేవాళ్ళు ఉన్నారని రుజువైతే నువ్వు విప్పాల్సిన పనే లేదు. లేకపోతే పోలీసు కేసు’ అన్నాడు. పాస్‌పోర్టు తీసుకుని సొరుగులో పెట్టాడు.

అత్తయ్యకి ఫోన్ చేశాను. ‘ఏ పువ్వమ్మా? నాకెవరూ ఏ బొమ్మా తేలేదే’ అంది.

రమీజ్ భాయ్‌ని అడిగాను. ప్రమోద్ అసలు ఊరే వెళ్ళలేదట, సెలవు దొరకలేదట, నెలంతా మీ గదిలోనే ఉన్నాడట. ఇంకో మాట కూడా అన్నాడు. జనవరి ఇరవై ప్రాంతంలో ఆస్పత్రి మెట్ల మీద ఆ రేచెల్ సిస్టర్ మీకు లేసు సూది ఇస్తుంటే చూశాడట. మీరిద్దరూ చాలాసేపు కూర్చున్నారట. ఆయన మామూలుగానే చెప్పాడు. నేనే మామూలుగా వినలేకపోయాను.

రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ కట్ చేశారు.

ఆ పువ్వు ఎవరు అల్లారు? పాలకొల్లు అమ్మాయికి లేసు రాకుండా ఎలా ఉంటుంది? ఆమే అల్లి ఉంటే ఆమె పేరే చెప్పండి. నేను ఏమీ అనను. ఏమీ అననని రాస్తున్నాను గాని నిజానికి ఏమంటానో నాకు తెలియదు. అయినా చెప్పండి. ఇరవై ఆరున ఆమెని తీసుకురండి. నాకిప్పుడు మొగుడి సంగతి కంటే ముందు జైలు సంగతి తేలాలి.

మీ
తబిత

~

ఖోర్ ఫక్కాన్
17 ఫిబ్రవరి 2023

ప్రియమైన తబితకు,

రేచెల్‌కి ఈ పువ్వుతో సంబంధం లేదు. సూది మాత్రం ఆమెది. తను డ్యూటీ అయ్యాక అల్లుకుంటుంది, ఒకటి అడిగి తెచ్చాను. మెట్ల మీద కూర్చున్నది కట్టు మార్చడానికి. ఆమె ఇద్దరు పిల్లల తల్లి, మొగుడు ఇక్కడే పని చేస్తాడు. నీకు తెలియని మనిషి మీద నోరు పారేసుకోకు.

అల్లింది ఎవరని మాత్రం అడగకు. చెప్పలేను. నీ మీద ఒట్టు, నువ్వనుకునే విషయం కాదు.

షాహబాజ్‌కి ఇంకేదైనా చెప్పు. దేరా బజారులో ఒక కొట్లో కొన్నానని చెప్పు. ఎవరు కనుక్కుంటారు? లేదా ఆ పని వదిలేసి ఇక్కడికి వచ్చెయ్. ఏదో ఒకటి చూసుకుందాం.

ఫోన్ ఎత్తనందుకు కోపం తెచ్చుకోకు. ఎత్తితే నీ గొంతు విని చెప్పేస్తానని భయం.

నీ
సిలాస్

~

అల్ ఖూజ్
20 ఫిబ్రవరి 2023

సిలాస్ గారికి,

పాస్‌పోర్టు వాళ్ళ సొరుగులో ఉంటే నేను ఎక్కడికి రాగలను? దేరా కొట్లో కొన్నానంటే ఏ కొట్టో చూపించమంటారు. మీరు నాకు అబద్ధాలు రాసి పంపింది చాలదా, నన్ను కూడా చెప్పమంటున్నారు.

నిన్న షాహబాజ్ ఒక కాగితం తెచ్చాడు. నేనే పోగు విప్పానని ఒప్పుకుని సంతకం చేస్తే పోలీసులకి చెప్పరట. వీసా రద్దు చేసి పంపించేస్తారట, మళ్ళీ ఈ దేశానికి రాకూడదట. స్వర్ణగారు పక్కకి పిలిచి సంతకం చెయ్యొద్దంది. అయితే చేయకుండా ఉండటానికి నాకు ఏం ఆధారం ఉందో ఆవిడా చెప్పలేకపోయింది.

కటింగ్ బల్ల దగ్గర మాస్టార్లు నేను వస్తే మాటలు ఆపేస్తున్నారు. మొన్నటిదాకా నా అల్లిక చూడటానికి వంగి వంగి నిలబడినవాళ్ళే. పుట్టబోయే నిందకి కూడా నడకలు వస్తాయి కాబోలు, నేను వెళ్ళకముందే క్యాంటీనుకి వెళ్ళిపోతోంది. ఆ దొరసాని గౌను రోజూ ఇస్త్రీ చేస్తూ అనుకుంటున్నాను, నీ బాధ నాకు ఇప్పుడు తెలిసిందమ్మా అని.

మీరు జనవరిలో ఒక మాట రాశారు. అది మీకే తిప్పి పంపుతున్నాను. పేరు చెప్తే సరిపోయేదానికి అంత రాద్ధాంతం ఎందుకు?

ఆదివారం పదింటికి కాలరు సొంతదారు వస్తుంది. అప్పటిదాకా ఆగుతాను. పదీ పదికి సంతకం చేస్తాను.

తబిత

~

ఖోర్ ఫక్కాన్
23 ఫిబ్రవరి 2023

ప్రియమైన తబితకు,

సంతకం చేయొద్దు. ఆదివారం పదింటికి నేను వస్తాను.

అరవై నంబరు తెల్ల దారం కొత్త ఉండ ఒకటి పెట్టించు. చేతులు కడుక్కోవడానికి సబ్బు, నీళ్ళు చూడు. సూది నా దగ్గరుంది.

ఆ రోజు నన్ను ఏమీ అడగొద్దు. నా మొహంలోకి చూడొద్దు.

నీ
సిలాస్

~

అల్ ఖూజ్
28 ఫిబ్రవరి 2023

ప్రియాతి ప్రియమైన మీకు,

ఆదివారం మీరు పని మొదలుపెట్టాక ముప్పావుగంట తల ఎత్తలేదు. తల ఎత్తాక ఆగకుండా రమీజ్ బండి కదిలిపోతుందంటూ వెళ్ళిపోయారు. కాబట్టి మీ చుట్టూ ఏం జరిగిందో మీకు తెలియదు. నేను రాస్తాను, వినండి.

మీరు నీలం చొక్కా వేసుకుని, చేపల వాసనతో లోపలికి వచ్చినప్పుడు షాహబాజ్ మీ వెనక్కి చూశాడు. ‘ఔరత్ కహా హై?’ అన్నాడు. ఏ ఆడమనిషిని తెచ్చారో అని. నేనూ మీ వెనక్కే చూశాను. దేవుడు నన్ను క్షమించాలి, రేచెల్ కోసమే చూశాను. మీరు ‘ఔరత్ నహీ, మై’ అన్నారు, ఆడమనిషి కాదు నేనే అని. ఎవరికీ అర్థం కాలేదు. సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని, స్టూలు లాక్కుని కూర్చుని, జేబులోంచి సూది తీశారు. అప్పుడు వాళ్ళకి అర్థమైంది. నాకైతే అప్పటికీ కాలేదు. ఆ చేతులు నాకు తెలుసు. ఇనపకడ్డీలు బిగించి బిగించి కాయలు కాసిన చేతులు. ఉంగరపు వేలికి ఇంకా కట్టు ఉంది.

దారం చిటికెన వేలికి రెండు చుట్లు చుట్టారు. అది చూడగానే మీ ఫిబ్రవరి ఉత్తరం కళ్ళ ముందు మెదిలింది. ఊపిరి వదిలి లాగమని ఎవరు రాస్తారు, లాగినవాళ్ళు తప్ప? ఎంత మొద్దుదాన్నండీ నేను.

మీ వెనక కటింగ్ మాస్టార్లు ఇద్దరు నవ్వారు. అది మీకు వినబడిందని నాకు తెలుసు, మీ మెడ ఎర్రబడింది. ఒకడు చెయ్యి గాల్లో ఆడవాళ్ళలాగా తిప్పాడు. స్వర్ణగారు వాడివైపు ఒక చూపు చూసింది, వాడు చెయ్యి దించాడు. అది మీరు చూడలేదు.

మొదటి ఆరు రేకులు అయ్యాయి. పువ్వుని బోర్లించారు. అప్పుడు ఆ ఇంగ్లండు ముసలావిడ కుర్చీ ముందుకి జరుపుకుంది. రెండో వరస సగంలో దారం బిగిసింది, మీ కట్టు మీద రక్తం మరక కనిపించింది. ఆపేస్తారనుకున్నాను. మీరు ఆ వేలు పైకెత్తి, మిగతా వేళ్ళతోనే లాగారు. అప్పటికి కుట్టుమిషన్లు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. ఎవరూ ఆపమనలేదు. చూద్దామని ఆపుకున్నారు. ఆ నవ్విన మాస్టారే మీకు కాంతి సరిపోవడం లేదని దీపం దగ్గరికి లాగాడు. వెలుతురు పెరిగిందని కూడా మీరు గమనించి ఉండరు.

మూడో వరస అయ్యాక ముసలావిడ మీ పువ్వునీ, తన కాలరునీ బోర్లించి పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూసింది. నేను కాగితం మీద పెట్టిన కలం వైపు చూస్తున్నాను. తర్వాత ఆవిడ అంది, స్వర్ణగారు తెలుగులో చెప్పింది: ‘విప్పి నేర్చుకున్న చెయ్యి తడుముకుంటుంది. ఈ చెయ్యి తడుముకోలేదు. ఇది చిన్నప్పటి చెయ్యి.’ విందు సీనులో నటి ఆ కాలరు మీద గుచ్చుకున్న బ్రోచి, అదే నగల పిన్ను, తెప్పించి దాని ముల్లు భూతద్దం కింద పెట్టింది. ముల్లుకి సన్నటి తెల్ల పోగు వేలాడుతోంది. షాహబాజ్ ఆ సంతకం కాగితం మడిచి జేబులో పెట్టుకుని ‘ఖలాస్’ అన్నాడు. సొరుగు తీసి పాస్‌పోర్టు నా చేతిలో పెట్టాడు. క్షమించమని మాత్రం అనలేదు. అనకపోతే పోయె.

ఆ గదిలో క్షమించమని అడగాల్సింది నేనే. అడిగేలోగా మీరు వెళ్ళిపోయారు. ఇప్పుడు అడుగుతున్నాను. రేచెల్ సిస్టర్‌ని కూడా నా తరఫున అడగండి. వద్దు, నేనే వచ్చి అడుగుతాను.

సాయంత్రం అత్తయ్యకి ఫోన్ చేశాను. జరిగింది చెప్పగానే ఆవిడ ఏడ్చింది. ‘ఆడు మళ్ళీ సూది ముట్టుకున్నాడా? నీతో ఇన్నేళ్ళూ సెప్పలేదా అమ్మా?’ అంది. అప్పుడు చెప్పింది. తనకి పచ్చకామెర్లు వచ్చి మంచం పట్టినప్పుడు మీకు పదకొండేళ్ళట. ఆర్డరు తప్పిపోకుండా మూడు వారాలు బడి మానేసి, తలుపేసుకుని, మీ నాయనమ్మ నాటి పువ్వులన్నీ, ఈ పువ్వుతో సహా, మీరే అల్లారట. మామయ్య చూశాడట. ఆదివారం ఆ లేసుని మీ చొక్కాకి ఎదర కుట్టి గుడి గుమ్మం దగ్గర నిలబెట్టాడట, ఆరాధన అయ్యి జనమంతా వెళ్ళేదాకా. ‘అందరూ నవ్వేరమ్మా. నేను మంచంలో ఉన్నాను. లేచెళ్ళలేకపోయాను. ఆ సంగతి ఈరోజుకీ నా గుండెల్లో ముల్లే’ అంది.

పదకొండేళ్ళ వయసు నుంచి మీరు మోస్తున్నది ఇది. నేను మాత్రం ఆస్పత్రి మెట్లు లెక్కపెట్టాను. మీరు ఫోన్ ఎందుకు ఎత్తలేదో, పని వదిలేసి రమ్మని ఎందుకు రాశారో ఇప్పుడు తెలిసింది. నా మీద కోపంతో కాదు, ఆ గుమ్మం దగ్గర మళ్ళీ నిలబడలేక. నిలబడ్డారు. నా కోసం ముప్పై మంది ఎదర నిలబడ్డారు. నాకు మీ మీద ఇంత ప్రేమ ఉందని నాకే తెలియదు. కాగితం మీద కాబట్టి రాయగలుగుతున్నాను.

ఇంకొకటుంది. ఈరోజు కోర్టు సీను తీశారు. దొరసాని పేరు చెప్పలేదు. ఆ మొగుడు వేషం వేసినాయన కాలరు పట్టుకుని ఒక్క లాగు లాగాడు. సులువుగా చిరగాలని నేను అతుకులు వదులుగానే వేశాను. వల చిరిగింది, అంచు చిరిగింది. పువ్వు మాత్రం రేకు కూడా చెదరకుండా ఊడి కింద పడింది. నాది కాదు అది. నేను అల్లిన పువ్వు స్వర్ణగారు ముందే తీసేసి, మీరు ఆదివారం అల్లినది ఆ కాలరులో పెట్టి అతికించమంది. సీను అయ్యాక ముసలావిడ స్వయంగా వంగి తీసి, దుమ్ము దులిపి, ‘ఇది మీ ఇంటిది’ అని నాకిచ్చింది. ఇక్కడ దారం ముక్క కూడా బయటికి పోనివ్వరు. ఇది పోనిచ్చారు.

పువ్వు నా బైబిల్లో ఉంది. మీ నీలం చొక్కా రమీజ్ భాయ్‌తో పంపండి. జేబు లోపలి వైపు, ఎవరికీ కనపడకుండా కుట్టి పంపుతాను. మీకూ నాకూ తెలిస్తే చాలు. వద్దంటే అది కూడా రాయండి, బలవంతం చేయను. రెండేళ్ళ వీసా కాగితం మీద సంతకం పెట్టాను. దానిమీదైతే సంతోషంగా పెట్టాను.

ఎప్పటికీ మీ
తబిత

~

ఖోర్ ఫక్కాన్
3 మార్చి 2023

ప్రియమైన తబితకు,

ఉత్తరం అందింది. నాలుగుసార్లు చదివాను.

రమీజ్ నోరు ఊరుకోలేదు. క్యాంపు మొత్తానికి తెలిసిపోయింది. సోమవారం మెస్సులో ‘లేసు సిలాస్’ అని పిలిచారు. మంగళవారం కూడా పిలిచారు. బుధవారం ప్రమోద్ వచ్చి పక్కన కూర్చుని, కూతురి గౌనుకి మెడ దగ్గర పెట్టడానికి ఒక పువ్వు అల్లిస్తావా అని మెల్లిగా అడిగాడు. అల్లుతున్నాను. మంచం మీద కూర్చుని, తలుపు తీసే ఉంచి.

నీ తప్పేం లేదు. నేను ముందే చెప్పాల్సింది. దొరసాని గురించి నేను రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. పేరు చెప్పడం అంత తేలిక కాదు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఫోన్ చేయనా? గొడవ వస్తే పెట్టేద్దాం.

నీలం చొక్కా ఈ ఉత్తరంతోనే పంపిస్తున్నాను. ఉతికాను, అయినా చేపల వాసన పోలేదు. ఆదివారం లోగా తిరిగి అందేలా చూడు, గుడికి అదే వేసుకుంటాను.

జేబు లోపల వద్దు. బయటే కుట్టు.

నీ
సిలాస్